మూడో తలుపు దగ్గర మొదలయ్యే నీళ్ళు

శ్రావణంలో ఓ శుక్రవారం పొద్దున్నే ఫోను. కంప్రెసరు గాలితో, స్ప్రే గన్నుతో తలుపులకి రంగు కొట్టే కుర్రాడు. గాలిలో నీళ్ళు గన్ను దాకా రాకుండా దారిలో ఫిల్టరు బిగిస్తారు, వాడి గొడవంతా దాని గురించే. "బాబాయ్ గారూ, మూడో ఫిల్టరు కూడా మార్చానండి. మొదటి రెండు తలుపులూ అద్దంలా వస్తున్నాయి. మూడోదానికొచ్చేసరికి గన్ను నీళ్ళు కక్కుతోందండి. ఇంకా పెద్ద ఫిల్టరు ఏదైనా ఉంటే చెప్పండి, తెప్పించుకుంటాను."

ఆ మాటల్లో రెండు సంగతులు నా చెవిన పడ్డాయి. మూడు ఫిల్టర్లు మార్చినా తేడా రాలేదు. మొదటి తలుపుకి రాని నీళ్ళు మూడోదానికే వస్తున్నాయి. ఫిల్టరు పాడైతే మొదటి తలుపుకే తెలిసిపోవాలి కదా. పని జరుగుతుండగా ఏదో మారుతోంది. "ఇంక ఏ ఫిల్టరూ కొనకు. నేనొచ్చేదాకా ట్యాంకులో నీళ్ళు కూడా వదలకు" అన్నాను.

నాది పాలకొల్లు. ఆరేళ్ళు కారు షెడ్డులో గన్ను పట్టాను, ఆ తర్వాత పాతికేళ్ళుగా కంప్రెసర్లు బాగుచేస్తూ గాలి లైన్లు వేస్తున్నాను. ఈ కుర్రాడి ఊరు చించినాడ వంతెన దాటాక రాజోలు వైపు, వశిష్ఠకీ వైనతేయకీ మధ్య. ఇంటి వెనక రేకుల షెడ్డులో వంటగదుల ఎండీఎఫ్ తలుపులకి, అంటే చెక్క పీచు అదిమి చేసిన పలకల తలుపులకి, తెల్ల పీయూ, అంటే పాలీయురేథేన్ రంగు కొడతాడు. అప్పుడప్పుడు టేకు సింహద్వారాలకి ఎన్సీ లక్క, అంటే చురుగ్గా ఆరే నైట్రోసెల్యులోజు పూత కూడా. పనితనం ఉంది, ఓపిక ఉంది. ఆ నెలలో మాత్రం పదకొండు తలుపులు మళ్ళీ గీకి మళ్ళీ కొట్టాడు. రంగు, అది గట్టిపడటానికి కలిపే హార్డెనరు, రెండు రోజుల కూలీ, అన్నీ చేతి డబ్బులే.

ఇదంతా ఇంత వివరంగా రాయడానికి కారణం ఒకటుంది. మన డెల్టాలో ఇంటి దగ్గర గన్ను పట్టే ప్రతివాడూ ఏదో ఒక వానాకాలంలో ఇదే గోతిలో పడతాడు. పడిన ప్రతివాడూ ముందు ఫిల్టరే కొంటాడు.

నీళ్ళు వచ్చేది గాలిలోంచే

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి ఈ నేల నీళ్ళ మీదే బతుకుతోంది. జూన్‌లో కాలువలు వదిలితే సార్వా ఊడ్పుల నాటికి ఎటు చూసినా నీళ్ళే. చేలల్లో నీళ్ళు, చెరువుల్లో నీళ్ళు, పక్కన సముద్రం. కొబ్బరి తోటల నీడలో నేల ఆరదు. కంప్రెసరు పీల్చేది ఈ గాలినే.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని మోస్తుంది. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర 17 గ్రాముల నీటిని ఆవిరిగా పట్టుకోగలదు. 30 దగ్గర 30 గ్రాములు, 40 దగ్గర 51, 50 దగ్గర 83. అంతకు మించిందంతా చుక్కలై రాలిపోవాలి. ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవలసింది, గాలిని ఎంత అదిమినా ఈ అంకెలు పెద్దగా మారవు. ఎనిమిది ఘనపు మీటర్ల గాలిని ఒక ఘనపు మీటరులోకి కుక్కితే, ఎనిమిదింటిలో ఉన్న ఆవిరి అంతా ఆ ఒక్కదానిలోనే సర్దుకోవాలి. చోటు చాలదు. చదరపు అంగుళానికి 100 పౌండ్ల ప్రెజరులో ఉన్న గాలి అంటే ఇంచుమించు ఇదే లెక్క.

ఆ కుర్రాడిది 2 హార్స్‌పవర్ బెల్టు కంప్రెసరు, ఒకే స్టేజి, 120 లీటర్ల ట్యాంకు. నిమిషానికి సుమారు 170 లీటర్ల బయటి గాలిని మింగుతుంది, అంటే గంటకి పది ఘనపు మీటర్లు. నేను వెళ్ళిన పొద్దున షెడ్డులో 29 డిగ్రీలు, తేమ 88 శాతం. ఆ గాలిలో ఘనపు మీటరుకి 25 గ్రాముల నీళ్ళుంటాయి. గంట ఆడితే పావు లీటరు నీళ్ళు మిషను లోపలికి పోతున్నాయన్నమాట. ఈ మాట చెప్తే వాళ్ళమ్మగారు నమ్మలేదు. "పావు లీటరా అన్నయ్య గారూ? గాలిలోంచా?" అన్నారు.

నమ్మించడానికి ట్యాంకు కింద స్టీలు గిన్నె పెట్టి డ్రెయిన్ వాల్వు మెల్లిగా తిప్పాను. వారం రోజులుగా వదల్లేదట. ముందు తుప్పు రంగు నీళ్ళు, తర్వాత మజ్జిగలా తెల్లగా చిక్కగా, చివర్లో నూనె తెట్టు. గిన్నె నిండింది, బిందె తెచ్చారు. దగ్గర దగ్గర నాలుగు లీటర్లు. ఆవిడ ఇంక మాట్లాడలేదు.

ఆ మజ్జిగ రంగు నాకు ఇంకో సంగతి చెప్పింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

గంటసేపు గడియారం పట్టుకుని

ట్యాంకు ఖాళీ చేసి, చల్లారిన మిషనుతో మొదలుపెట్టాం. మామూలుగా ఎలా కొడతాడో అలాగే కొట్టమన్నాను. నా దగ్గర లేజర్ థర్మామీటరు, తేమ మీటరు, వంటింటి త్రాసు, రెండడుగుల పారదర్శకమైన హోసు ముక్క ఉన్నాయి. ఆ హోసు ముక్కని గన్నుకి ముందు కలిపాను. లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడాలి.

మొదటి తలుపు కొడుతున్నప్పుడు ట్యాంకు ఒళ్ళు 31 డిగ్రీలు. హోసు ముక్క పొడిగా ఉంది. రెండోది అయ్యేసరికి 38. వాడి గన్నుకి గాలి ఆకలి ఎక్కువ, ఈ మిషను ఇచ్చేదానికంటే ఎక్కువే లాగుతుంది. అందుకని మోటారు ఆగడం లేదు. పంపు తల దగ్గర చెయ్యి పెట్టలేం, వంద డిగ్రీలు దాటేసింది. ప్రెజరు మీటరు ముల్లు కూడా 100 పౌండ్ల నుంచి 60కి దిగి అక్కడే నిలబడిపోయింది. మూడో తలుపు సగంలో ట్యాంకు 47 డిగ్రీలు. అప్పుడు చూశాను, హోసు ముక్క లోపల గోడకి ఆవిరి పట్టింది. ఐదు నిమిషాల్లో సన్నని చుక్కలు, చుక్కలు కలిసి దారం లాంటి ధార. ఆ ధార గన్ను వైపు పాకుతూ వెళ్ళడం ముగ్గురం కళ్ళారా చూశాం. గన్ను టప్ అంది. తెల్ల రంగు మీద మిరపగింజంత గుంట.

సంగతంతా ఆ హోసు ముక్కలోనే తేలిపోయింది. పొద్దున చల్లటి ట్యాంకే వాడికి కూలర్‌గా పనిచేస్తోంది. వేడి గాలి ట్యాంకు గోడలకి తగిలి చల్లారి, నీళ్ళు అడుగున దిగిపోతున్నాయి. మిషను ఆగకుండా ఆడేసరికి ట్యాంకే వేడెక్కింది. ఇంక మునుపటంత నీళ్ళు దిగడం లేదు, సగానికి పైగా ఆవిరిగానే బయటికి పోతున్నాయి. ట్యాంకు మూతి దగ్గరే వాడు వరసగా బిగించిన ఫిల్టర్లున్నాయి. ఫిల్టరు చుక్కని పట్టగలదు గానీ ఆవిరిని పట్టలేదు. 47 డిగ్రీల గాలిలో ఆవిరి ఫిల్టరు గిన్నెలోంచి హాయిగా దాటిపోయి, తడి గచ్చు మీద పడున్న పదిమీటర్ల హోసులో చల్లారి, అక్కడ చుక్కలైంది. చుక్కలయ్యాక గన్ను తప్ప వాటికి వేరే దారి లేదు. వాడు ఇంకో పది ఫిల్టర్లు అక్కడే బిగించినా జరిగేది ఇదే.

గంట తర్వాత ట్యాంకు నుంచి కొలిచి తీశాం, 110 మిల్లీలీటర్లు. లోపలికి పోయింది 250. మిగిలిందంతా హోసులోకి, గన్నులోకి, తలుపుల మీదికి.

గన్ను మొదట్లో బిగించే బుడ్డి లాంటి ఫిల్టరు, తేమ పీల్చే నీలం సిలికా గింజలున్నది కూడా ఒకటి కొన్నాడు. "పది నిమిషాల్లో గులాబీ రంగుకి తిరిగిపోతోందండి, నాసిరకం ఇచ్చాడేమో" అన్నాడు. సరుకులో లోపం లేదు. చారెడు గింజల మీదికి నీళ్ళ ధార పంపిస్తే అవి ఏం చేస్తాయి? పైగా సిలికా గింజకి నీటి చుక్క తగిలితే చిట్లిపోతుంది. ఆ పొడి నేరుగా రంగులోకి వస్తుంది. ఇసక రేణువుల్లా చేతికి తగులుతున్నాయని వాడు రంగు డబ్బాని అనుమానించాడు, నిజానికవి ఈ గింజల పొడి.

ముందు చల్లార్చు, తర్వాత పట్టు

పరిష్కారం చెప్పడానికి ఒక్క ముక్క చాలు. ఫిల్టరు దగ్గరికి వచ్చేలోపు గాలి షెడ్డు గాలంత చల్లబడాలి. దాన్ని అమలు చెయ్యడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.

ఫ్రిజ్ లాగా పనిచేసే డ్రయ్యరు ఉంటుంది, గాలిని 3 డిగ్రీల దాకా చల్లబరిచి నీళ్ళు లాగేస్తుంది. ఫ్యాక్టరీకి అదే సరైనది. నెలకి ముప్పై తలుపులు కొట్టే ఇంటి షెడ్డుకి ఆ ఖర్చు నేను చెప్పలేకపోయాను. గోడ మీద జీఐ పైపు, అంటే జింకు పూత ఇనుప పైపు, నిచ్చెనలా పైకీ కిందికీ తిప్పి, ప్రతి కాలు కింద ఒక డ్రెయిన్ పెట్టడం ఇంకో పద్ధతి. బాగా పనిచేస్తుంది, కాకపోతే వాడి షెడ్డుకి గోడలు తక్కువ. ఉన్న ఒక్క గోడకీ పడమటి ఎండ. ఎండలో కాగే పైపు గాలిని ఏం చల్లారుస్తుంది?

బోరు నీళ్ళకి లోటు లేని ఊరు కాబట్టి డ్రమ్ము ఎంచుకున్నాను. ఏసీ మెకానిక్కుల దగ్గర దొరికే మెత్తటి రాగి పైపు, అర అంగుళంది, 15 మీటర్ల చుట్ట. దాన్ని నీళ్ళ డ్రమ్ములో స్ప్రింగులా ముంచి ట్యాంకుకీ ఫిల్టరుకీ మధ్య కలపాలి.

ప్లాస్టిక్ పీవీసీ పైపుతో పని కాదా అని అక్కడున్న ప్లంబరు అడిగాడు. కాదు. నీళ్ళ పైపు నీళ్ళకే. అదిమిన గాలితో అది పగిలితే కత్తి ముక్కలై ఎగురుతుంది. నా షెడ్డులోనే ఒకసారి, చాలా ఏళ్ళ కింద, పీవీసీ లైను మధ్యాహ్నం వేళ పేలింది. ఒక ముక్క పై రేకులో గుచ్చుకుని నిలిచింది. దాని కింద అరగంట ముందు దాకా మా కుర్రాడు కూర్చుని గన్ను కడుక్కుంటున్నాడు. ఆ రోజు నుంచి ఎవరి ఇంట్లో గాలికి పీవీసీ కనబడినా ముందు అది ఊడదీయించాకే మిగతా పని.

మొదటి రోజు నేను తప్పు చేశాను. డ్రమ్ముకి చిల్లు పెట్టడం ఎందుకులే అని చుట్ట రెండు కొనలూ పైనుంచే తీశాను. గాలి పైనుంచి దిగి, అడుగు దాకా వెళ్ళి, మళ్ళీ నిట్టనిలువుగా పైకెక్కి బయటికి రావాలి. నలభై నిమిషాలు అద్భుతంగా పనిచేసింది. ఆ తర్వాత గన్ను గటగటా అని, చెంచాడు నీళ్ళు ఒక్కసారిగా తలుపు మీద కుమ్మరించింది. చల్లారిన నీళ్ళు చుట్ట అడుగున నిలిచి, పైపు మూసుకునేంత అయ్యాక గాలి వెనక నుంచి తన్నింది. చుక్కలు చుక్కలుగా వచ్చే నీళ్ళకంటే అది దారుణం. ఎండీఎఫ్ అంచు తడిసి ఉబ్బిపోయింది, ఆ తలుపు ఖరీదు నేనే ఇచ్చుకున్నాను.

రెండో రోజు డ్రమ్ము అడుగుకి జానెడు పైన చిల్లు పెట్టి, రబ్బరు వాషర్లతో నట్టు బిగించి, చుట్టని పైనుంచి కింది దాకా ఒకే వాలులో ఉండేట్టు కట్టెకి కట్టాం. ఎక్కడా కడుపు దిగకూడదు. ఒక చివర నీళ్ళు పోసి చూస్తే రెండో చివర ఆఖరి బొట్టు దాకా కారిపోవాలి. ఆ పరీక్ష అయ్యాకే డ్రమ్ములో దించాం. కింది కొన బయటికి రాగానే నీళ్ళు పట్టే ఫిల్టరు గిన్నె, దాని కింద బాల్ వాల్వు. వాడు కొన్న మూడు ఫిల్టర్లలో ఒకటి ఇక్కడ చక్కగా పనికొచ్చింది. ఫిల్టరులో ఏ లోపమూ లేదు, బిగించిన చోటే తప్పు.

అక్కణ్ణుంచి రంగు కొట్టే చోటికి ఎనిమిది మీటర్ల జీఐ పైపు. మీటరుకి ఒక సెంటీమీటరు లెక్కన దించుకుంటూ తీసుకెళ్ళాం. లైను చివర టీ, అంటే మూడు దారులున్న జాయింటు పెట్టి, కిందికి మూరెడు కాలు, దాని అడుగున వాల్వు. గన్నుకి వెళ్ళే కొమ్మని టీ పైభాగం నుంచి తీసి మెడ వంచాం. అడుగున పారే నీళ్ళు కొమ్మలోకి ఎక్కలేవు. ఆ కొమ్మ మీద నూనె పొగని కూడా పట్టే సన్నని ఫిల్టరు, ఆ తర్వాతే ప్రెజరు తగ్గించే రెగ్యులేటరు.

రెగ్యులేటరు గురించి ఒక మాట. చాలామంది ట్యాంకు మూతి దగ్గరే ప్రెజరు తగ్గించి లైనులోకి వదులుతారు. అది తలకిందులు. గాలి ఎంత అదిమి ఉంటే అంత నీళ్ళు రాలుస్తుంది. నీళ్ళు రాలే దాకా నిండు ప్రెజరులోనే ఉంచి, ఆఖర్న తగ్గించాలి. తగ్గించినప్పుడు గాలి విచ్చుకుని, మిగిలిన కొద్ది ఆవిరీ పల్చబడిపోతుంది.

ఇది మాటలతో చెప్తే వాడు తలూపాడు గానీ కళ్ళలో నమ్మకం లేదు. తేమ మీటరుని పాలిథీన్ సంచిలో పెట్టి, గన్ను మూతి సంచిలో దూర్చి, రంగు లేకుండా గాలి ఒక్కటే వదిలాం. షెడ్డులో 88 శాతం ఉన్న అంకె మెల్లిగా దిగి 20 కిందికి వచ్చింది. సిలికా లేదు, కరెంటు డ్రయ్యరు లేదు. బోరు నీళ్ళు పోసిన డ్రమ్ము, రాగి చుట్ట, ఒక గిన్నె. "ఆయ్, మన ఊళ్ళో ఇంత పొడి గాలి ఎండాకాలంలో కూడా ఉండదండి!" అన్నాడు. ఆ మాట నిజమే.

రెండో గంట కొలత: ట్యాంకు నుంచి 110, డ్రమ్ము తర్వాత గిన్నె నుంచి 80 మిల్లీలీటర్లు, లైను చివరి కాలులో నాలుగు చుక్కలు. పారదర్శకమైన హోసు ముక్క పొడిగా ఉంది. ఆరు తలుపులు వరసగా కొట్టాడు.

సిలికా గింజల గొట్టం కూడా ఒకటి పెట్టాం, కిలో పట్టేది. కాకపోతే పక్క దారిలో, రెండు వాల్వులతో. గంట పనికే ఆ గింజలు 45 గ్రాములు బరువెక్కాయి. అంటే ప్రతి నాలుగు గంటల పనికీ ఒకసారి వాటిని వేయించి ఆరబెట్టాల్సిందే. మామూలు ప్రైమరుకీ లప్పం మీద సీలరుకీ అది అక్కర్లేదు. పీయూ ఆఖరి కోటుకి మాత్రం దాని దారి తెరుస్తాడు. పీయూ హార్డెనరుకి నీళ్ళంటే పడదు, కలిసిన చోట గ్యాసు పుట్టి సూది మొనంత రంధ్రాలు లేస్తాయి. నారింజ రంగు గింజలే కొనమన్నాను. నీలం వాటిలో కోబాల్టు ఉంటుంది, పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు. వంటకి వాడని మూకుడులో సన్న సెగ మీద, 120 డిగ్రీలు దాటకుండా వేయించుకోవాలి. గింజల తర్వాత పొడి పట్టే చిన్న ఫిల్టరు ఒకటి తప్పనిసరి.

మజ్జిగ నీళ్ళ సంగతి

ట్యాంకులోంచి వచ్చిన తెల్లటి చిక్కని నీళ్ళు, నూనె కలిసిన నీళ్ళు. పంపు నూనె తాగుతోంది. ఎందుకు తాగుతోందో షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగితే తెలిసింది. మిషను పెట్టిన మూలకి అవతల కొబ్బరి పీచు గుట్ట. గాలి పీల్చే డబ్బా విప్పితే లోపలి స్పాంజి మీద బెల్లం రంగు పీచు, దుప్పటిలా మందంగా పట్టింది. వేలితో లాగితే ఒకే ముక్కగా లేచొచ్చింది. అటు గాలి అందని పంపు ఇటు రింగుల సందులోంచి నూనె లాక్కుంటుంది. రింగులు కూడా అరిగే ఉన్నాయి. పైగా పోసింది మోటారు సైకిలు ఇంజను ఆయిలు. అందులో కలిపే మందులు నీళ్ళనీ నూనెనీ విడిపోనివ్వవు, అందుకే ఆ మజ్జిగ.

రింగులు మార్చి, కంప్రెసరు నూనె పోసి, మిషనుని ఉత్తరం వసారాలోకి జరిపాం. అక్కడ గాలి ఆడుతుంది, రంగు పొగ రాదు. రంగు కొట్టే గదిలోనే మోటారు ఆడించడం నేనెప్పుడూ ఒప్పుకోను. స్విచ్చు నిప్పురవ్వ, థిన్నరు ఆవిరి, ఈ రెండూ ఒకే గదిలో ఉండకూడదు. ట్యాంకు అడుగు తుప్పు పట్టిన సంగతి చూసి, దాన్ని నీళ్ళతో నింపి ప్రెజరు పరీక్ష చేయించాకే మళ్ళీ వాడనిచ్చాను. సేఫ్టీ వాల్వు రింగు లాగితే కదల్లేదు, అదీ మార్పించాను.

నీళ్ళు కాని నీళ్ళు

ఇక్కడితో కేసు అయిపోవాలి. కాలేదు. లైను పొడిగా ఉన్నా రెండు రకాల మచ్చలు ఇంకా వస్తున్నాయి. వాడు రెండింటినీ "నీళ్ళే" అంటున్నాడు.

మొదటివి గుండ్రటి గుంటలు. మధ్యలో కింది రంగు కనబడుతుంది, చుట్టూ గట్టులా లేస్తుంది. చేప కన్నులా ఉంటుంది, పేరూ అదే. శుభ్రమైన అద్దం మీద గాలి ఒక్కటే రెండు నిమిషాలు ఊది చూశాను. అద్దం మీద మసక లేదు, జిడ్డు లేదు. గాలి తప్పు లేదన్నమాట. అప్పుడు తలుపుని ఏటవాలు వెలుతురులో పెట్టి గుంటల వరసని చూశాను. చెక్కంతా లేవు. ఒక అంచున, నాలుగు నాలుగుగా, వేళ్ళ ఎడంతో ఉన్నాయి. తలుపు పట్టుకుని తిప్పింది ఎవరో మనిషి.

సహాయానికి వచ్చే పిల్లాడు పొద్దున్నే తలకి కొబ్బరినూనె దట్టించుకుని వస్తాడు. చెమట పట్టినప్పుడు నుదురు తుడుచుకుని, అదే చేత్తో తలుపు ఎత్తుతాడు. పెరట్లోనే కురిడీ ఆరబెడతారు, చెక్కలు పేర్చే బల్ల మీద కూడా ఆ జిడ్డే. కోనసీమలో పుట్టి కొబ్బరినూనె వద్దనడం ఎవరి తరమూ కాదు. చేతికి తొడుగులు వేసుకోమన్నాం. కొట్టే ముందు రెండు గుడ్డలు, ఒకటి థిన్నరుతో తడిపినది, వెంటనే వెనక పొడి గుడ్డ. ఒకే గుడ్డ తిప్పి తిప్పి వాడితే జిడ్డు జరుగుతుందే గానీ పోదు. ఆ తర్వాత చేప కళ్ళు రాలేదు.

రెండోది, టేకు సింహద్వారం మీద ఎన్సీ లక్క పాలు పోసినట్టు తెల్లబడటం. ఇది బయటి గాలిలో తేమ పని, గన్ను గాలికి దీనితో సంబంధం లేదు. థిన్నరు చురుగ్గా ఆవిరయ్యేటప్పుడు చెక్క ఒళ్ళు చల్లబడిపోతుంది. ఆ చల్లదనానికి షెడ్డు గాలిలో తేమ మంచులా దిగి లక్కలో చిక్కుకుంటుంది. లక్ష రూపాయల డ్రయ్యరు పెట్టినా ఇది ఆగదు. నేను వెళ్ళిన పొద్దున 29 డిగ్రీలు, 88 శాతం. ఆ గాలి 27 డిగ్రీల దగ్గరే మంచు దించుతుంది, అంటే ఎడం రెండు డిగ్రీలే. మూడైనా లేకపోతే రంగు ముట్టుకోవద్దన్నది పెయింటు పనిలో పాత కొలత. అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి 33 డిగ్రీలు, 68 శాతం. ఎడం దాదాపు ఏడు. అదే డబ్బాలోని లక్క, అదే గన్ను, ఒక్క తెల్ల మచ్చ రాలేదు. లక్క పని పదింటికి ముందు మొదలుపెట్టడం మానేశాడు. ముసురు రోజుల్లో ఇక తప్పదంటే మెల్లగా ఆరే రిటార్డరు థిన్నరు కొద్దిగా కలుపుతాడు.

వెళ్ళేముందు ముక్కుకి కట్టుకున్న చేతిరుమాలు విప్పించాను. పీయూ హార్డెనరు పొగ ఊపిరితిత్తుల్ని పట్టుకుంటే ఆయాసం జీవితాంతం వదలకపోవచ్చు. కార్ట్రిడ్జి మాస్కు పెట్టుకోవాలి, షెడ్డులో గాలి బయటికి తోసే ఫ్యాను ఉండాలి. వాళ్ళమ్మగారి ముందే చెప్పాను. వాడు మర్చిపోయినా ఆవిడ మర్చిపోరు.

ధనుర్మాసంలో మళ్ళీ

నాలుగు నెలలు ఫోను లేదు. సంక్రాంతి పనుల వేళ, మంచు దట్టంగా పడే రోజుల్లో పొద్దున ఏడింటికి మోగింది. "బాబాయ్ గారూ, చివరి కాలులో నీళ్ళు వస్తున్నాయండి. చెంచాడు. ఇన్నాళ్ళూ రాలేదు."

షెడ్డులో ఎంత ఉందని అడిగాను. 20 డిగ్రీలు. డ్రమ్ములో నీళ్ళు? చెయ్యి పెట్టి చూశాడు. "వెచ్చగా ఉన్నాయండి. ఇప్పుడే బోరు వేసి పట్టాను." థర్మామీటరు పెట్టి చూస్తే 27.

ఫోనులో కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. నేను చెప్పబోయేలోపు వాడే అన్నాడు. "అయితే డ్రమ్ములో 27కే చల్లారి, గోడ మీద పైపులో 20కి వచ్చేసరికి మళ్ళీ రాలుతున్నాయండి. ఫిల్టరు దాటేశాక."

అంతే. శ్రావణంలో చల్లగా ఉన్న బోరు నీళ్ళే పుష్యానికి గాలి కంటే వెచ్చన. చివరి కాలు ఆ చెంచాడునీ పట్టుకుంది కాబట్టి తలుపు మీదికి రాలేదు. ఆ రోజు నుంచి వాడు పొద్దున్నే కొత్త నీళ్ళు పట్టడం లేదు. సాయంత్రమే డ్రమ్ము నింపి మూత తీసి ఆరుబయట మంచులో వదిలేస్తాడు. తెల్లారేసరికి డ్రమ్ము నీళ్ళూ గోడ మీది పైపూ దగ్గర దగ్గర ఒకే చల్లదనంలో ఉంటాయి. మిషను ఆన్ చేసే ముందు డ్రమ్ములో ఒక చెయ్యి, పైపు మీద ఒక చెయ్యి పెట్టి చూసుకుంటాడు.